మా ఆయన ధ్యాస తప్పుతున్నాడు

సమస్య: అక్కా, మాది షోలాపూర్ పూర్వభాగ్. పద్మశాలీలం. ఆయన టవళ్ల కార్ఖానాలో సాంచాలు నడుపుతాడు, నేను బీడీలు చుడతాను. కొన్నేళ్ల కిందట ఆయనకు హెచ్‌ఐవీ అని తేలింది. నాకు లేదన్నారు. మందులు మానలేదు. ఇప్పుడు పోగు తెగినా చూడకుండా సాంచా ముందు అలాగే నిలబడుతున్నాడట. బట్ట పాడైందని శేఠ్ పగార్ కోశాడు. రాత్రిళ్లు నిద్ర లేదు. "నేను పోతే మీకు పీడ వదులుతుంది" అంటున్నాడు. తాగుతున్నాడని అత్తమ్మ, పిచ్చెక్కిందని వాడకట్టు. దవాఖానాలో చెబితే మందు ఆపేస్తారని నన్ను నోరెత్తనివ్వడు.

సలహా: చెల్లెమ్మా, "నేను పోతే" అన్న మాటను తేలిగ్గా తీసుకోకు. చచ్చిపోవాలనిపిస్తోందా అని ఈ రోజే సూటిగా అడుగు. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలకు. 14416కు ఫోన్ చెయ్యి. అది టెలి మానస్, రాత్రయినా పలుకుతారు, తెలుగులో, మరాఠీలో మాట్లాడవచ్చు, పైసా ఖర్చు లేదు.

ఇక ధ్యాస తప్పడం. అది పిచ్చి కాదు. హెచ్‌ఐవీ మెదడునూ తాకుతుంది. మందులు సక్రమంగా వాడేవాళ్లలోనూ కొందరికి ధ్యాస నిలవదు, పని మందగిస్తుంది. వైరస్ మళ్లీ పెరిగిందేమో వైరల్ లోడ్ పరీక్షలో తెలుస్తుంది. సిఫిలిస్ కూడా ఉంటే అదీ మెదడుకెక్కుతుంది. మతి చెడి చనిపోయినవారి మెదడులో ఆ క్రిమిని 1913లోనే నొగూచి అనే శాస్త్రవేత్త చూపించాడు. వీడీఆర్‌ఎల్ రక్తపరీక్ష చేయించండి. ఉందని తేలితే పెన్సిలిన్ ఉంది, కానీ ఆలస్యమైతే చెడినదంతా తిరిగి రాదు. ఇక నిద్ర. హెచ్‌ఐవీకి ఇచ్చే డోలుటెగ్రావిర్ ఉన్న మాత్ర కొందరికి నిద్ర చెడగొడుతుంది. పొద్దున వేసుకోవచ్చా అని డాక్టర్నే అడగండి. మీకై మీరు ఆపొద్దు. ఇబ్బంది చెప్పినందుకు వైద్యం ఆపేయరు, అవసరమైతే మందు మారుస్తారు.

నీ ఉత్తరం చదివితే నాకు ముందు దిగులు మీదే అనుమానం. లోపల దిగులు గూడుకట్టుకుంటే కళ్ల ముందున్నదీ కనబడదు. దానికీ మందుంది. అయినా పరీక్షలు కాకుండా దిగులేనని తేల్చేయకూడదు.

శేఠ్‌కు జబ్బు పేరు చెప్పనక్కర్లేదు. హెచ్‌ఐవీ ఉందన్న కారణంతో పనిలోంచి తీసేయకూడదని 2017 చట్టం చెబుతోంది. సందేహముంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేసి అడుగు.

మందుల తేదీ దాకా ఆగకు. రేపే సివిల్ ఆస్పత్రిలో హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రానికి ఆయనతో నువ్వూ వెళ్లు. ఆయన దాచినవన్నీ నువ్వు చెప్పు. నీ పరీక్షా అదే రోజు మళ్లీ చేయించుకో.