ముందు ఆ తల్లి కూలి సంగతి అడగండి

దివ్యాంగ పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లో కొత్తగా చేరినవాళ్లు పని ఎక్కడ మొదలుపెట్టాలని నన్ను అడుగుతుంటారు. ఆ పిల్లల కోసం పల్లెలు తిరిగి తెలుసుకున్నవి చెబుతాను.

1. బిడ్డ కాలూ చెయ్యీ చూసేముందు తల్లి కూలి సంగతి అడగండి. ఫిజియోథెరపీకి మండల కేంద్రానికి రమ్మంటే ఆమెకు ఆ పూట కూలి పోతుంది, పైగా ఆటో ఖర్చు. కొన్నాళ్లు వచ్చి మానేస్తే 'తల్లికి శ్రద్ధ లేదు' అని రాసేస్తారు. ఆ మాట వింటే నాకు కడుపు మండుతుంది. పొయ్యి వెలగాలి గనుక మానేసింది! అర్హులైన పిల్లలకు సమగ్ర శిక్ష పథకం కింద రవాణా, ఎస్కార్ట్ అలవెన్సులు ఉన్నాయని చెప్పి, ఆ కాగితాలు మీరే నింపండి.

2. వ్యాయామాన్ని ఇంటి పనిలో కలపండి. స్నానం చేయించేటప్పుడు, బట్టలు తొడిగేటప్పుడు కీళ్లు ఎలా కదపాలో చూపిస్తే విడిగా గంట కేటాయించక్కర్లేదు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డకు మాత్రం పడుకోబెట్టి అన్నం పెట్టనివ్వకండి. మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా రావచ్చు. వీపు నిటారుగా, తల కాస్త ముందుకు ఉండాలి. మెత్తగా పిసికిన చిన్న ముద్ద. అది మింగాకే ఇంకొకటి. నాయనమ్మకూ నేర్పండి, తల్లి చేనికి పోతే తినిపించేది ఆవిడే.

3. పుట్టుకతో పాదం వంకరగా ఉంటే ఆలస్యం వద్దు. పోన్సేటి పద్ధతిలో వారం వారం పిండికట్టు మారిస్తే చాలావరకు పెద్ద ఆపరేషన్ లేకుండానే చక్కబడుతుంది. ఆ తర్వాత మొదటి మూడు నెలలు దాదాపు రోజంతా, ఆపైన నాలుగైదేళ్ల వయసు వరకు రాత్రిపూట బ్రేస్ తొడగాలి. నయమైంది కదా అని దాన్ని అటకెక్కిస్తే పాదం మళ్లీ వంకర తిరుగుతుంది.

4. వీల్‌చైర్ ఇచ్చేముందు గుమ్మం వెడల్పు, వీధి చూడండి. కుర్చీ బిడ్డ కొలతకు మించితే బిడ్డ ఒక పక్కకు ఒరిగిపోయి వెన్ను వంగుతుంది.

5. సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. అంతకు తక్కువ వచ్చిందనో, సర్టిఫికెట్టే రాలేదనో బడిలో చేర్చుకోం అంటే ఒప్పుకోకండి. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు విద్యాహక్కు చట్టం ఉండనే ఉంది.

6. ఆ ఇంట్లో అక్క బడికి వెళ్తోందా? తల్లి కూలికి పోవాలంటే తమ్ముణ్ని చూసుకోవడానికి ముందు ఆగేది ఆ పిల్ల చదువే. తమ్ముణ్ని బడిలో చేర్చిన రోజే అక్క పేరు కూడా తిరిగి ఎక్కించి రండి.