పొడి వేడి, ఉక్క వేడి: మనిషికి ఏది, నూలుకు ఏది?

వేసవిలో ఒక మధ్యాహ్నం షోలాపురంలో ఉష్ణమాపకం 42 డిగ్రీలు చూపిందనుకుందాము. అదే వేళకు యానాంలో 35 డిగ్రీలే. అంకెలను బట్టి చూస్తే షోలాపురం నేతగాడే ఎక్కువ బాధపడాలి. కాని యానాం నుండి షోలాపురం వచ్చిన బంధువు, “ఇక్కడ ఎండ మండుతుందిగాని నీడలో కూర్చుంటే ప్రాణం నిలుస్తుంది” అంటాడు. షోలాపురం నుండి యానాం వెళ్లినవాడు, “ఎండ తక్కువేగాని నీడలో కూడా ఒళ్లు ఆరదు” అంటాడు. ఇద్దరూ చెప్పినది నిజమే. వేడిని ఒక్క అంకెతో కొలవడంలోనే చిక్కున్నది.

మన నేత సోదరులు ఈ రెండు వేసవులలోనూ ఉన్నారు. షోలాపురం, రాయచూరు, బళ్లారి వంటి దక్కను ఊళ్లలోనిది పొడి వేడి. యానాం, బరంపురం, చెన్నై, భివండి వంటి సముద్రపు చేరువ ఊళ్లలోనిది ఉక్క వేడి. పొడి వేడి నూలును ముందు పట్టుకుంటుంది; ఉక్క వేడి మనిషిని ముందు పట్టుకుంటుంది. కావున ఒక ఊరిలో మేలు చేసే ఉపాయం మరొక ఊరిలో కీడు చేయవచ్చును. ఈ పాఠంలో మేము చెప్పదలచినది ఇదే.

గాలిలోని నీరు

గాలి కూడా గుడ్డవలె నీటిని పీల్చుకుంటుంది. వేడెక్కినకొద్దీ దాని ఆకలి పెరుగుతుంది. 35 డిగ్రీల వద్ద ఒక ఘనమీటరు గాలి సుమారు 40 గ్రాముల నీటి ఆవిరిని, 42 డిగ్రీల వద్ద సుమారు 56 గ్రాములను ఇముడ్చుకోగలదు. ఇముడ్చుకోగల దానిలో ఇప్పటికే ఎంత ఉన్నదో చెప్పేది తేమ శాతం.

మన ఉదాహరణలో షోలాపురం గాలిలో తేమ 15 శాతం అనుకుంటే, ఘనమీటరుకు సుమారు 8 గ్రాముల ఆవిరి ఉన్నట్లు. యానాంలో 70 శాతం అనుకుంటే సుమారు 28 గ్రాములు. మొదటి గాలి ఆకలితో ఉన్నది. రెండవది కడుపు నిండి ఉన్నది.

దీనికి ఇంటింటా ఒక సాక్ష్యమున్నది: మంచినీళ్ల కుండ. కుండ చెమర్చి, ఆ తడి ఆరేటప్పుడు లోపలి నీళ్ల వేడిని తీసుకుపోతుంది. షోలాపురంలో కుండనీళ్లు పళ్లు జివ్వుమనేలా ఉంటాయి. యానాంలో అదే కుండ పైన తడిగానే ఉంటుంది, లోపల నీళ్లు అంతగా చల్లబడవు. మన దేహం కూడా ఒక కుండే.

దేహం సంగతి

దేహం లోపలి వేడి సుమారు 37 డిగ్రీలు, చర్మపు వేడి సుమారు 35. గాలి అంతకంటె చల్లగా ఉన్నప్పుడు ఒంటి వేడి గాలిలోకి పోతుంది. గాలి 35 దాటిందంటే ఆ దారి మూసుకుపోయి, వేడి ఎదురు వస్తుంది. ఇక మిగిలిన దారి చెమట ఒక్కటే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆరితే, 7 లీటర్ల మామూలు నీళ్లను మరుగు పట్టించేంత వేడి ఒంటిలోనుండి పోతుంది. ఆరితేనే సుమా! బొట్లు బొట్లుగా నేలమీదికి కారిన చెమట దేహంలోని నీటిని, ఉప్పును తీసుకుపోతుందిగాని వేడిని తీసుకుపోదు. ఉక్కలో మనిషి అలసిపోవడానికి కారణమిదే.

అలాగని పొడి వేడి నిరపాయమని అనుకోరాదు. అందులో చెమట పట్టినది పట్టినట్లే ఆరిపోతుంది. ఎంత నీరు పోయిందో మనిషికి తెలియదు. చొక్కా వీపున తెల్లని ఉప్పుచారలు కనబడేసరికి లీటర్లు పోయి ఉంటాయి. ఎడారి వేడిలోని మోసం ఇదే. రాజస్థానులోని ఫలోడీలో 2016 మే 19న 51 డిగ్రీలు నమోదయింది. అటువంటి గాలి ఒంటిని ఆరబెట్టడమే కాక కాల్చుతుంది కూడా. అందుకే ఎడారి వారు ఒళ్లంతా కప్పే వదులైన గుడ్డలు కట్టి, తలకు పాగా చుడతారు.

మరొక భేదం రాత్రివేళది. పొడి గాలి ప్రాంతాలలో పొద్దు గుంకగానే నేల తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది, తెల్లవారుజామున కప్పుకోవాలనిపిస్తుంది. తీరంలో గాలిలోని ఆవిరి ఆ వేడిని పట్టి ఉంచుతుంది. పగలు అలసిన దేహానికి రాత్రి కూడా విశ్రాంతి దొరకదు. భారత వాతావరణ శాఖ సైతం వడగాడ్పును లెక్కించేటప్పుడు మైదానాలకు కనీసం 40 డిగ్రీలు, తీరానికి కనీసం 37 డిగ్రీలు అని వేరువేరు గీతలు గీసింది.

నూలు సంగతి

ఇప్పుడు మగ్గం దగ్గరకు వద్దాము. పత్తి నూలు నీటిని ప్రేమిస్తుంది. బాగా ఎండిన 100 పాళ్ల పత్తికి 8.5 పాళ్ల నీరు ఉండవచ్చునని వ్యాపారంలో ప్రమాణం. పట్టుకు 11 పాళ్లు. తడి పెరిగితే పత్తిపోగు బలం పెరుగుతుంది, తగ్గితే పెళుసవుతుంది. గంజి పొర పొట్టులా రాలుతుంది, పోగు మీద నూగు లేస్తుంది, పడుగు అచ్చు దగ్గర తెగుతుంది. అతుకులు వేయడంతోనే పూట గడిచిపోతుంది. గజాల లెక్కన కూలి తీసుకునేవానికి తెగిన ప్రతి పోగూ నష్టమే.

మన పెద్దలు గుంట మగ్గం తవ్వుకొన్నది ఊరకే కాదు. పడుగు నేలకు చేరువగా ఉంటే భూమిలోని చెమ్మ దానికి అందుతుంది. గుంటలో నీళ్లు చల్లడం, గంజిలో కాస్త నూనె కలపడం, తెల్లవారకముందే పడుగుకు గంజి పట్టి కుంచె తీయడం, ఇవన్నీ పొడి వేడికి వారు కనిపెట్టిన విరుగుళ్లు.

ఉక్క ప్రాంతంలో పత్తిపోగుకు ఈ భయం తక్కువ. అక్కడి శత్రువు బూజు. గంజి పట్టిన పడుగు లోపల ఆరకుండా చుట్టితే రెండు మూడు రోజులలో మచ్చలు పడతాయి. రేయాన్ నూలు నేసేవారు మరొకటి గుర్తుంచుకోవాలి: అది పత్తికి పూర్తిగా వ్యతిరేకం. తడిస్తే దాని బలం సుమారు సగం పోతుంది.

తూకంలో తగాదా

నూలు తూచి తీసుకొని, గుడ్డ తూచి ఇచ్చేచోట ఈ తేమ సంగతి కూలిమీదికి వస్తుంది. ప్రమాణం ప్రకారం 8.5 పాళ్ల తేమతో తూచిన 5 కిలోల నూలును 25 శాతం తేమగల గాలిలో కొన్ని రోజులుంచితే, దానిలో నీరు సుమారు 4 పాళ్లకు దిగుతుంది. అప్పుడు తూస్తే దాదాపు 200 గ్రాములు తగ్గుతుంది. ఒక్క పోగు కూడా పోలేదు. పోయినది నీరు మాత్రమే. వేసవిలో ఈ తరుగును నేతగాని లెక్కలో వేయడం న్యాయం కాదు. అలాగే వర్షాకాలంలో పెరిగిన బరువును నూలుగా లెక్కించడమూ న్యాయం కాదు. షావుకార్లు, నేతగాళ్లు కూర్చొని ఋతువును బట్టి తరుగు ఎంతో ముందే నిర్ణయించుకుంటే స్నేహం చెడదు.

మరమగ్గాల షెడ్డులో

చేతి మగ్గంమీద మనిషికీ నూలుకీ రాజీ కుదిరింది. మరమగ్గాల షెడ్డులో ఆ రాజీ చెడింది. పత్తి నేతకు 75 నుండి 85 శాతం తేమ కావాలంటారు. అందుకని కిటికీలు మూసి, నీళ్లు చిమ్మి, పోగు ఎగురుతుందని పంకాలు ఆపుతారు. బయట షోలాపురం, లోపల యానాం!

ఇది కొత్త తగాదా కాదు. ఇంగ్లండులోని లాంకషైరు మిల్లులలో నూలు తెగకుండా షెడ్డులోకి ఆవిరి వదిలేవారు. అక్కడి నేతగాళ్లు ఆందోళన చేయగా, తేమకు హద్దు పెడుతూ 1889లో చట్టం వచ్చింది. మన దేశంలోనూ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 15వ సెక్షను కృత్రిమంగా తేమ పట్టించడాన్ని నిబంధనల కిందకు తెచ్చి, అందుకు వాడే నీరు శుభ్రమైనదై ఉండాలన్నది.

రెండు ఉష్ణమాపకాలు

తేమను కొలవడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. ఒకే రకం ఉష్ణమాపకాలు రెండు కొనండి. ఒకదాని బుడ్డికి ఉతికిన పలుచని మల్లుగుడ్డ చుట్టి, గుడ్డ కొసను మంచినీళ్ల గిన్నెలో వేలాడదీయండి. రెండవదానిని పొడిగా ఉంచండి. ఎండ తగలనిచోట కట్టి, కొన్ని నిమిషాలు విసనకర్రతో విసరి, రెండు అంకెలూ చూడండి. గాలికి ఆకలి ఉంటే తడిగుడ్డ అంకె బాగా దిగుతుంది.

మన షోలాపురం ఉదాహరణలో పొడి అంకె 42, తడి అంకె సుమారు 22. యానాంలో పొడి అంకె 35, తడి అంకె సుమారు 30. బంధువులిద్దరి మాటా ఇక్కడ తేలిపోయింది. 35 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న మూసిన షెడ్డులో తడి అంకె సుమారు 32.

ఈ తడి అంకె 35కు చేరితే ఎంత ఆరోగ్యవంతుడైనా కొన్ని గంటలకు మించి నిలవలేడని షెర్వుడ్, హ్యూబర్ అనే శాస్త్రజ్ఞులు 2010లో లెక్కకట్టారు. 2022లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయం వారు యువకులను పరీక్షించగా, తేలిక పనిలోనే, ఉక్క గాలిలో తడి అంకె సుమారు 31 వద్దనే దేహం తన వేడిని అదుపు చేసుకోలేకపోయింది. మిక్కిలి వేడియైన పొడి గాలిలో హద్దు ఇంకా తక్కువకే వచ్చింది. మన షెడ్డులలో పనిచేసేవారందరూ యువకులూ కారు, వారిది తేలిక పనీ కాదు.

చేయదగిన పనులు

పొడి వేడి ఊళ్లలో: గుమ్మాలకు తడి గోనెలు, వట్టివేళ్ల తడకలు కట్టండి. మనిషికీ నూలుకీ రెండింటికీ మేలు. గాలిలో తేమ ఎక్కువగా ఉండే తెల్లవారుజామున పని మొదలుపెట్టి, మధ్యాహ్నం ఆపండి. దాహం కోసం చూడక గంటకొకసారి నీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ తాగండి. గాలి 40 దాటితే ఒట్టి పంకా వేడినే విసురుతుంది. ఒంటిమీద తడిగుడ్డ వేసుకొనండి.

ఉక్క ఊళ్లలో: తడి గోనెలు కట్టవద్దు, నేలమీద నీళ్లు చల్లవద్దు, ఉన్న ఉక్కకు మరింత ఉక్క తోడవుతుంది. ఎదురెదురు కిటికీలు తెరచి గాలి ఆడనివ్వండి. పంకా ఇక్కడ మిత్రుడు. పడుగు మీద కాక మనిషి వీపు మీదికి తిప్పండి. పనిలో విశ్రాంతి వేళలు పెంచండి.

మూసిన షెడ్డులలో: రెండు ఉష్ణమాపకాలు కట్టి, పూటకు రెండుసార్లు అంకెలు పలకమీద రాయండి. తడి అంకె 30కి చేరువయితే నీళ్లు చిమ్మడం ఆపి, కిటికీలు తెరవండి.

అన్ని చోట్లా: పెళ్లిళ్లకు స్వగ్రామం వెళ్లి వచ్చినవారికి, కొత్తగా చేరినవారికి మొదటి వారం తక్కువ పని ఇవ్వండి; దేహం వేడికి అలవాటుపడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. మాట తడబడినా, తికమకపడినా, కూలబడినా అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లు పోసి విసురుతూ 108కి కబురు చేయండి. స్పృహ లేనివాని నోట నీళ్లు పోయవద్దు.

పోగు తెగితే అతుకు వేయవచ్చును. నూలు కోసం తేమ పెంచే ముందు ఆ తేమలో నిలబడే మనిషిని కూడా లెక్కలో వేసుకోవాలని షెడ్డుల యజమానులకు మనవి చేస్తున్నాము. రెండు ఉష్ణమాపకాల ఖర్చు ఎంతో కాదు. ఈ వేసవికి ప్రతి షెడ్డులో అవి వేలాడేటట్లు స్థానిక శాఖలు పూనుకోవాలని కోరుతున్నాము.