ఆలివు చెట్టును, పెద్దప్రేగు రాచపుండును

మధ్యధరా సముద్ర తీరదేశములలో ఆలివు చెట్టు వేలాది సంవత్సరములుగా సాగుచేయబడుచున్నది. దాని పచ్చికాయను ఒకమారు కొరికినవాడు మరల కొరుకడు, అంత చేదు. ఆ చేదునకు కారణము ఓల్యూరోపీన్ అను పదార్థము. ఇది ఆకులలోను, పచ్చికాయలలోను అధికముగా నుండి, కాయ పండునపుడును, ఉప్పునీట ఊరునపుడును విడిపోగా, దానినుండి హైడ్రాక్సీటైరోసాల్ అను పదార్థ మేర్పడును. కాయతొక్కపై నుండు మైనపు పొరలో మాస్లినిక్ ఆమ్లము గలదు. పెద్దప్రేగులో పుట్టు రాచపుండు, అనగా క్యాన్సరు, కణములపై శాస్త్రజ్ఞులు ప్రయోగించి చూచుచున్న ఆలివు పదార్థములలో ఈ మూడును ముఖ్యములు.

ఈ ప్రయోగములు చాలవరకు జరుగునది రోగులపై గాదు, ప్రయోగశాలలోని పాత్రలలో. 1964లో ఒక స్త్రీ పెద్దప్రేగు కంతినుండి తీసిన కణముల సంతతి హెచ్.టి.-29 అను పేరుతో నేటికిని పెంచబడుచున్నది. స్పెయిను పరిశోధకులు 2006లో ఆలివు కాయల సారమును గూర్చియు, 2009లో మాస్లినిక్ ఆమ్లమును గూర్చియు ప్రకటించిన ఫలితములు ఈ కణములపై లభించినవే.

ఆరోగ్యముగల కణము తన కాలము తీరగానే పండుటాకు రాలినట్లు తనంతట తాను నశించును. రాచపుండు కణము ఈ ధర్మమును విడిచి, ఎడతెగక విభజన చెందుచుండును. మాస్లినిక్ ఆమ్లము సోకినపుడు, కణమునకు శక్తినిచ్చు మైటోకాండ్రియాలనుండి ఒక మాంసకృత్తు వెలువడి, కేస్పేజులను ఎంజైములను ప్రేరేపించును. అవి కణమును లోపలినుండియే ఛేదించును. విడిచిన ధర్మము దానికి మరల అబ్బినట్లగును.

పెద్దప్రేగు విషయమున ఈ పరిశోధనకు ప్రత్యేకమైన ఆధారము కలదు. ఓల్యూరోపీన్ చిన్నప్రేగులో అంతగా ఇంకదు. అది పెద్దప్రేగును చేరి, అచటి సూక్ష్మజీవులచే హైడ్రాక్సీటైరోసాల్‌గా మార్చబడును. కావున రక్తములోనికి స్వల్పముగా పోవు పదార్థమైనను ప్రేగు లోపలి పొరను తాకుటకు అవకాశ మున్నది.

అయినను పాత్ర వేరు, ప్రేగు వేరు. కణములను పెంచు ద్రవములో హైడ్రాక్సీటైరోసాల్ గాలితో కలిసి హైడ్రొజన్ పెరాక్సైడును పుట్టించును. కొన్ని ప్రయోగములలో కణములను చంపినది ఆలివు పదార్థము గాక, చాలవరకు ఈ పెరాక్సైడే యని తేలినది. దేహములో ఆ స్థితి యుండదు. మరియు పాత్రలో వాడిన గాఢత, నూనె తినుటవలన రక్తములో కలుగు గాఢతకంటె సాధారణముగా ఎన్నో రెట్లు హెచ్చు. ఐరోపా సంఘము 2012లో ఆలివు నూనె విక్రేతలకు ఈ పదార్థములను గూర్చి ఒక్కమాట చెప్పుకొన ననుమతించినది: దినమునకు 20 గ్రాముల నూనెద్వారా 5 మిల్లీగ్రాముల హైడ్రాక్సీటైరోసాల్, తత్సంబంధ పదార్థములు లభించినచో రక్తములోని క్రొవ్వు చెడకుండుటకు తోడ్పడునని. అందులో రాచపుండు ప్రసక్తియే లేదు.

మన దేశమున రాజస్థానములో ఆలివు తోటలు పెరుగుచున్నవి; ఆకుల పొడియు, మాత్రలును అంగళ్లలో దొరకుచున్నవి. చిక్కు ఇచటనే కలదు. మలముతో రక్తము పడుట, విరేచనపు అలవాటు మారి వారములతరబడి అట్లే యుండుట, కారణము తెలియక రక్తహీనత కలుగుట, బరువు తగ్గుట ఈ వ్యాధి చిహ్నములు. రక్తము పడినవారు మొలలని తలచి, ఆకు కషాయముతో నెలలు గడుపుట కద్దు. ఈ పుండు సామాన్యముగా ప్రేగు లోపలి చిన్న బుడిపెగా మొదలై, రాచపుండుగా మారుటకు అనేక సంవత్సరములు పట్టును. ఆ దశలో గొట్టపు పరీక్ష చేయు వైద్యుడు బుడిపెను అప్పుడే తీసివేయగలడు. ప్రేగు గోడను దాటకముందు కనుగొన్న పుండు శస్త్రచికిత్సతో చాలమందికి నయమగును. కాలేయమునకు ప్రాకిన పిమ్మట చికిత్స కష్టతరము.

ఆలివు నూనెను వంటలో వాడుటకు అభ్యంతరము లేదు. ఆకుసారమునకు రక్తపుపోటును తగ్గించు గుణము కూడ కలదు గనుక, దానిని సేవించు రోగి, ముఖ్యముగా రక్తపుపోటు మందులు వాడువాడు, శస్త్రచికిత్సకుగాని ఔషధ చికిత్సకుగాని పోవునపుడు ఆ సంగతి వైద్యునికి ముందుగనే తెలుపవలయును.