పాతాళగరుడీ శబ్దము – మూలద్రవ్య నిర్ణయము

వేరులోని ఆల్కలాయిడును వేరుచేయుటకు ముందు ఆ వేరు ఏ ఓషధిదో నిర్ణయింపవలెను. పేరు తప్పినచో రసాయనక్రియ యెంత శుద్ధముగా జరిగినను ఫలితము మరొక ఓషధికి చెందును. ఇందుకు పాతాళగరుడీ శబ్దము తగిన నిదర్శనము.

సంస్కృత వైద్యమున ఛిలిహింట మను పర్యాయము గల పాతాళగరుడి మన దూసరితీగ. గురజాల, మాచర్ల ప్రాంతములలో కంచెల మీద అల్లుకొనునది ఇదియే. దీని ఆకు నలిపిన నీరు గడ్డకట్టునని పల్లె పిల్లలకు సైతము తెలియును. అయితే కొన్ని ఓషధి పట్టికలు పాతాళగరుడ మను తెలుగు పేరును సర్పగంధకు ఇచ్చినవి. సర్పగంధ తేమగల అడవుల నీడన పెరుగు చిన్న మొక్క. పల్నాటి మెట్టనేల దానికి తావు కాదు. కనుక ఆ పేరు చెప్పి ఇక్కడ వేరు తెమ్మన్నచో వచ్చునది దూసరివేరే. గరుడ, నకుల శబ్దములు రెండును సర్పవైరమునే సూచించుట ఈ సాంకర్యమునకు హేతువు కావచ్చును. నాకులీ శబ్దమును అమరకోశము రాస్నతో కలిపి పఠించుట చిక్కును మరింత పెంచినది. సర్పగంధ యనుపేరే గాని, ఎండిన వేరునకు చెప్పదగిన గంధము లేదు. చేదు మాత్రము కలదు.

సర్పగంధ వేరు నుండి 1931లో ఢిల్లీలో సలీముజ్జమాన్ సిద్దిఖీ అజ్మలిన్‌ను వేరుచేసెను. ఆ యేడే గణనాథసేన్, కార్తికచంద్ర బోసులు రక్తపోటునందు, ఉన్మాదమునందు దాని గుణమును ప్రకటించిరి. రిసర్పిన్ 1952లో స్విట్జర్లాండున లభించినది. వేరు పొడిని క్షారముతో తడిపి ద్రావణిలో నానబెట్టుట, పలుచని ఆమ్లముతో ఆల్కలాయిడును నీటిలోనికి దింపుట, మరల క్షారము చేర్చి అవక్షేపింపజేయుట సామాన్య విధానము. ఆల్కలాయిడులలో అధికభాగము వేరు బెరడుననే యుండును గాన బెరడు ఊడిన వేరు నిస్సారము.

ఇక్కడనే ప్రమాదమున్నది. డ్రాగెన్‌డార్ఫ్ కారకము ఆల్కలాయిడు ఉన్నదని చెప్పునే గాని ఏదియో చెప్పదు. దూసరివేరున ట్రైలోబిన్ వంటి ఆల్కలాయిడులు గలవు గనుక అదియు నారింజవర్ణ అవక్షేపమునే ఇచ్చును. ఆ రంగునే ప్రమాణముగా గొన్నచో రక్తపోటు రోగికి రిసర్పిన్ లేని వేరు సర్పగంధగా చేరును. శుద్ధ రిసర్పిన్‌తో సరిపోల్చు క్రొమాటోగ్రఫీ పరీక్ష వలననే ఈ భేదము తెలియును.

వేరు సేకరించునపుడు పూచిన కొమ్మను కూడ భద్రపరచవలెను. సర్పగంధకు కణుపున సాధారణముగా మూడేసి ఆకులు చుట్టుగా నుండును. దూసరి నూగు గల తీగ. దాని ఆకులు ఒక్కొక్కటిగా వచ్చును.