కరువు నేర్పిన కెమిస్ట్రీ - ఐస్‌లాండ్ తిండి కథ

(బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి)

ఒక దేశపు వంట గురించి రాసేటప్పుడు అక్కడ ఏమేమి దొరుకుతాయో చెప్పటం మామూలు. ఐస్‌లాండ్ సంగతి వేరు. అక్కడి తిండి అర్థం కావాలంటే అక్కడ ఏమి దొరకదో ముందు తెలుసుకోవాలి.

ఉత్తర అట్లాంటిక్‌లో, ఆర్కిటిక్ వలయానికి కాస్త దిగువన ఉన్న దీవి ఇది. వైశాల్యం సుమారు 1,03,000 చదరపు కిలోమీటర్లు. వెచ్చని సముద్ర ప్రవాహం తాకటం వల్ల రాజధాని రెక్యవిక్‌లో జనవరి సగటు ఉష్ణోగ్రత సున్న డిగ్రీల దగ్గరే ఉంటుంది. అయితే జూలైలో కూడా అది 12 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఆ వేడికి గడ్డి పెరుగుతుంది గాని గింజ పండటం కష్టం. 9వ శతాబ్దంలో వచ్చి స్థిరపడినవాళ్ళు మొదట్లో బార్లీ వేశారు. తరవాత చలి ముదిరి ఆ సాగు మూలబడింది. ఉన్న అడవి కాస్తా వంటచెరకు కింద, మేతబీళ్ళ కింద పోయింది.

అసలు చిక్కు ఉప్పుతో వచ్చింది. మన కోస్తాలో సముద్రపు నీళ్ళు మడుల్లోకి పెడితే ఎండే ఉప్పు చేసిపెడుతుంది. అక్కడ అంత ఎండ లేదు. నీళ్ళు కాచి తీద్దామంటే కట్టెలు లేవు. చుట్టూ ఉప్పు సముద్రమే, ఇంట్లో మాత్రం ఉప్పుకు కరువు! మరి సుదీర్ఘమైన శీతకాలానికి తిండి నిలవ చేయటం ఎలా? వచ్చే పంట దాకా గాదెలో గింజలు సరిపోతాయా అని లెక్క చూసుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి కనుక ఈ ప్రశ్న నన్ను పట్టుకుంది.

మొదటి ఉపాయం పులుపు. వెన్న తీసిన పాలు కాచి, చల్లార్చి, పాత 'స్కీర్' కొంచెం తోడు వేస్తారు. దూడ పొట్టలో ఉండే రెన్నెట్ అనే ఎంజైమును కూడా కలుపుతారు. గడ్డకట్టాక గుడ్డలో వడకడితే మిగిలే చిక్కటి ముద్దే స్కీర్. మనం పెరుగు తోడుపెట్టే పద్ధతికి ఇది దగ్గర చుట్టం. వాళ్ళు కిందికి దిగిన తేటను కూడా పారబోయలేదు. పీపాల్లో పోసి ఇంకా పులియనిచ్చి, అందులో మాంసం, రక్తంతో చేసిన సాసేజీలు ఊరవేశారు. తేటలోని లాక్టిక్ ఆమ్లం వల్ల పి.హెచ్. 4.6 కంటె తగ్గితే బోట్యులిజం తెచ్చే బాక్టీరియా పెరగలేదు. ఉప్పు చేసే పని పులుపు చేసిందన్నమాట. ఆ తేటలోనే నీళ్ళు కలుపుకొని, మనవాళ్ళు మజ్జిగ తాగినట్టు, దాహానికి తాగేవారు.

రెండవది గాలి. చేపల్ని చలిగాలికి వేలాడదీసి ఎండబెట్టేవారు. చలికి ఈగలు ముసరవు, తేమ పోయాక సూక్ష్మజీవులు పెరగవు. ఆ ఎండుచేపను సుత్తితో చితగ్గొట్టి, వెన్న రాసుకొని తినేవారు. రొట్టె లేని ఇంట్లో అదే రొట్టె.

మూడవది పొగ. కట్టెలు లేనిచోట పొగ ఎక్కడిదంటారా? ఎండిన గొర్రెల పెంట! మన పిడకల లాంటిదే. ఆ పొగ పట్టించిన గొర్రెమాంసం ఇప్పటికీ క్రిస్మస్ విందులో ఉంటుంది.

నాలుగవది భూమిలోని వేడి. మీవత్న్ సరస్సు దగ్గర రై పిండి ముద్దను డబ్బాలో పెట్టి వేడినేలలో పాతి, మర్నాడు రొట్టెగా తవ్వి తీస్తారు.

గ్రీన్‌లాండ్ షార్క్ కథ మరీ విచిత్రం. దాని పచ్చిమాంసం తింటే విషం. గులకరాళ్ళ గుంటలో వారాల తరబడి పాతిపెట్టి, తరవాత కొన్ని నెలలు వేలాడదీస్తే ఆ విషం పోతుంది. వాసన మాత్రం మన లాబ్‌లో అమ్మోనియా సీసా మూత తీసినట్టే!

ఇన్ని ఉపాయాలున్నా ఒక్కోసారి సరిపోలేదు. 1783లో లాకీ అగ్నిపర్వత బీటలు పేలి ఎనిమిది నెలలు మండాయి. ఫ్లోరిన్ గడ్డి మీద పడింది. నల్లగొండ నీళ్ళలో చేరి మనుషుల ఎముకలు వంచింది కూడా ఈ ఫ్లోరినే. ఆ గడ్డి మేసిన పశువులు చచ్చాయి. గొర్రెల్లో నూటికి 80 దాకా పోయాయి. గొర్రె పోయాక మనిషికి ఏముంది? జనాభాలో సుమారు ఐదోవంతు కరువుకు, రోగాలకు బలయ్యారు.

తాగుడు సంగతీ చెప్పాలి. 1915లో అక్కడ మద్యనిషేధం వచ్చింది. మా ద్రాక్షసారా కొనకపోతే మీ చేప కొనమని స్పెయిన్ పట్టుబట్టటంతో 1922లో ద్రాక్షసారాకు తలుపు తీశారు. 1935లో ఘాటు మద్యాలూ వచ్చాయి. విచిత్రంగా అసలైన బీరు మీద మాత్రం 1989 మార్చి 1 దాకా నిషేధం ఉంది!

ఈనాడు భూగర్భపు వేడితో అద్దాల ఇళ్ళలో టమాటాలు, దోసకాయలు పండిస్తున్నారు. ఫ్రిజ్ లేని ఇల్లు లేదు. అయినా జనవరి, ఫిబ్రవరి నెలల్లో పులియబెట్టిన మాంసం, ఎండుచేప, షార్క్ ముక్కలు పళ్ళేల్లో పెట్టుకొని పండుగ చేసుకుంటారు. తాతలు బతకటానికి తిన్నదాన్ని మనవలు గౌరవంతో తింటున్నారు.

మరి మనం? చద్దన్నం పులియటంలోనూ పనిచేసేది లాక్టిక్ ఆమ్లమే. గింజ వృథా పోకుండా కాపాడిన తెలివి అది. అయినా పొద్దున చద్దన్నం తిన్నానని హాస్టల్లో చెప్పుకోటానికి నామోషీ పడేవాళ్ళు మనలో ఎంతమంది లేరు! ఒకరి కంచం చూసి నవ్వే ముందు, అది ఏ లోటు పూడ్చటానికి పుట్టిందో అడుగుదాం. జవాబులో మన సిలబస్సులో ఉన్నంత సైన్సు కనిపిస్తుంది.