నేల మీద రాశిచక్రం: బేత్ ఆల్ఫా సినగాగ్ చూద్దాం రండి



చరిత్రకు ఆధారాలేమిటి అని అడిగితే మన పిల్లలు శాసనాలు, నాణేలు, కట్టడాలు అని గడగడా అప్పజెప్పేస్తారు. ఒక శిథిలం ఫోటో ముందు పెట్టి 'ఇందులో నీకేం కనిపిస్తోంది?' అంటే మాత్రం మన ముఖం వైపు చూస్తారు. అందుకే ఈ నెల మీరూ పిల్లలూ కలిసి ఫోటోల్లో చూడటానికి ఒక చోటు చెబుతున్నాను. ఇజ్రాయెల్‌లో గిల్బోవా కొండ దిగువన ఉన్న బేత్ ఆల్ఫా. అక్కడున్నది 6వ శతాబ్దపు సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం.

1928 చివర్లో పక్కనే ఉన్న ఉమ్మడి వ్యవసాయ గ్రామం వాళ్లు సాగునీటి కాలువ తవ్వుతుంటే రంగురాళ్లు బయటపడ్డాయి. మరుసటి ఏడాది హీబ్రూ విశ్వవిద్యాలయానికి చెందిన ఎలియాజర్ సుకెనిక్ తవ్వకాలు జరిపించారు. గోడలు చాలావరకు పోయినా, చిన్న చిన్న రాళ్లు పొదిగిన మొజాయిక్ నేల దాదాపు మొత్తం దొరికింది.

గుమ్మం దగ్గర ఒక పక్క సింహం, ఒక పక్క ఎద్దు, మధ్యలో రెండు శాసనాలు. అరమాయిక్ భాషలో ఉన్నది జస్టిన్ చక్రవర్తి కాలంలో, ఊరివాళ్ల విరాళాలతో ఈ నేల వేశారని చెబుతుంది. సంవత్సరం ఉండాల్సిన చోట రాళ్లు ఊడిపోయాయి. ఆ శతాబ్దంలో జస్టిన్ పేరుతో ఇద్దరు రాజులున్నారు: ఒకరు 518 నుంచి 527 వరకు, రెండోవారు 565 నుంచి 578 వరకు పాలించారు. పరీక్షలో ఒక మార్కుకు అడిగే తేదీ వెనక ఇంత తంటా ఉంటుందని పిల్లలకు ఇక్కడ చెప్పొచ్చు.

లోపలికి వస్తే మొదటి బొమ్మ అబ్రహాము, ఇస్సాకుల కథ. కొడుకును బలి ఇవ్వబోతున్న తండ్రిని దేవుడు ఆపుతాడు. పైనుంచి ఒక చెయ్యి మాత్రమే కనిపిస్తుంది. చెట్టుకు కట్టిన పొట్టేలు గాల్లో వేలాడుతున్నట్టు ఉంటుంది. చర్చికి వెళ్లే పిల్లలకు ఈ కథ తెలుసు. బక్రీద్ వెనక ఉన్న ఇబ్రహీం కథకూ దీనికీ చుట్టరికం ఉంది.

మధ్యలో ఉన్నది చూస్తే మన పిల్లలు ఎగిరి గంతేస్తారు. పన్నెండు రాశులు! మేషం నుంచి మీనం దాకా హీబ్రూ పేర్లతో గుండ్రంగా పేర్చారు. మకరం చోట మేక, కుంభం చోట బావిలోంచి నీళ్లు తోడుతున్న మనిషి. నడుమ నాలుగు గుర్రాల రథం మీద సూర్యుడు (మన సూర్యుడికి ఏడు గుర్రాలు కదా, పిల్లలు వెంటనే లెక్కపెడతారు). రాశిచక్రం బాబిలోనియాలో పుట్టి, గ్రీకుల ద్వారా అటు వాళ్లకూ ఇటు మనకూ చేరింది.

మరి విగ్రహారాధన నిషిద్ధమైన మతంలో, ప్రార్థన చేసే చోట సూర్యుడి బొమ్మ ఎందుకు? అది వాళ్ల క్యాలెండర్ అని కొందరు పండితులు, సృష్టి మొత్తం దేవుడి ఆధీనంలో ఉందని చెప్పే బొమ్మ అని మరికొందరు, ఆ కాలపు కళలో అది మామూలే అని ఇంకొందరు అంటారు. ఇంకా తేలలేదు. మీ అబ్బాయో అమ్మాయో అడిగితే దయచేసి వెంటనే గూగుల్ చేసి ఒక సమాధానం చేతిలో పెట్టకండి. రెండు రోజులు ఆలోచించనివ్వండి.

నాలుగు మూలల్లో నాలుగు రుతువులు రెక్కలున్న స్త్రీల రూపంలో ఉంటాయి. ఏ రుతువు పక్కన ఏ రాశి ఉందో పిల్లలతో సరిచూడమనండి. పొంతన కుదరదు! బొమ్మల్లో ముఖాలు కూడా చిన్నపిల్లలు గీసినట్టే ఉంటాయి. అయినా ఊరివాళ్లు ఆ నేలను తవ్విపారేయలేదు. పైగా గుమ్మంలోని గ్రీకు శాసనంలో పనివాళ్ల పేర్లు వేయించి, వాళ్లను తలచుకోమని కోరారు. మరియానోస్, అతని కొడుకు హనీనా. తండ్రి పక్కన కూర్చుని కొడుకు కూడా రాళ్లు పొదిగాడన్నమాట. మనమేమో ప్రాజెక్ట్ చార్ట్ నీట్‌గా రావాలని రాత్రి పదింటికి పిల్లల చేతిలోంచి స్కెచ్ పెన్నులు లాక్కుంటున్నాం. తరగతిలో ఆ చార్టులు చూడగానే మాకు తెలిసిపోతుంది లెండి.

చివరి భాగంలో యూదుల ధర్మగ్రంథం ఉంచే మందసం, ఏడు కొమ్మల దీపస్తంభాలు, సింహాలు, పక్షులు ఉంటాయి. ఆ గోడ దక్షిణాన, యెరూషలేము వైపు ఉంది.

ఫోటోలు చూశాక, గుమ్మం నుంచి ఆ గోడ దాకా ఏది ఎక్కడుందో పిల్లలతో ఒక ప్లాన్ గీయించండి. కొలతలు తేడాగా వచ్చినా, సింహం పిల్లిలా ఉన్నా మీరు దిద్దకండి. నోట్‌బుక్‌లో పెట్టి సోమవారం పంపండి.