వార్ధక్యమునకు ముందుచూపు

కాయకము, దాసోహము అను రెండు మాటలు బసవేశ్వరుని బోధకు రెండు కన్నుల వంటివి. శ్రమించి ఆర్జించుట కాయకము. ఆర్జించినదానిని వినయముతో సమర్పించుట దాసోహము. మఠమునకు వచ్చిన జంగమునకు అన్నము పెట్టి, ఇంటి అరుగుపై కూర్చున్న ముదుసలి తల్లికి వేళకు గంజి పోయనివాని దాసోహము అసంపూర్ణము. ఇది అందరెరిగినదే. కాని సేవకు భక్తి యొక్కటే చాలదు, ముందుచూపును వలయును. అదియే ఈ పాఠమున విషయము.

సీమ పరిస్థితి: వర్షాధారపు పైరు చేతికి రాని యేడు కోసిగి, ఆదోని ప్రాంతముల నుండి కుటుంబములు మిరపకోతకు గుంటూరు వైపు వలస పోవుట పరిపాటి. కడప సీమ నుండి ఎందరో కువైటుకు పోయిరి. చదివిన పిల్లలు బెంగుళూరు, హైదరాబాదులలో స్థిరపడిరి. ఇంట మిగిలినది వృద్ధులే. జబ్బు చేసిన నాడు మంచము చుట్టును చేరి అన్నదమ్ములు లెక్కలు తీయుట కంటె హీనమైన దృశ్యము లేదు.

కుటుంబ గోష్ఠి: అనుభవమంటపమున స్త్రీ పురుష భేదము లేక అందరును కూర్చుండి మాటాడిరని సంప్రదాయము చెప్పుచున్నది. పండుగకు అందరు చేరిన నాడు ఇంటనట్టి గోష్ఠి జరుపవలెను. పెద్దలు మొదట మాటాడవలెను. ఎవరి యింట నుండుట వారికిష్టము? ఆసుపత్రికి ఎవరు తోడు పోవుదురు? చేయి వణకిన నాడు లింగపూజకు నీరు, విభూతి ఎవరందింతురు? ఖననసంస్కారము ఎచ్చట జరుగవలెను? ఇవి యడుగుట అశుభము కాదు. ఒకరు ధనమిచ్చుచో వేరొకరు శ్రమనిత్తురు. శ్రమనిచ్చువారి భాగము తక్కువది కాదు. సేవచేయు కోడలికి ఏటా కొన్నాళ్ళు విశ్రాంతి దొరకునట్లును ఏర్పాటు కావలెను.

ఆస్తి: ఐదెకరముల మెట్టపొలముగల తండ్రి యొకడు ప్రేమచే సర్వమును కొడుకులకు దానపత్రము వ్రాసియిచ్చెననుకొందము. పిదప వారు చూడకున్న నతని గతి యేమి? వీలునామా బ్రదికియున్నంతకాలము మార్చుకొనదగినది. దానికి ఇరువురు సాక్షులు చాలుదురు. దానపత్రమే వ్రాయదలచినచో, పోషింపవలెనను షరతును అందు స్పష్టముగా వ్రాయింపవలెను. అట్టి షరతును తప్పినచో, 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము 23వ విభాగము ప్రకారము ఆ బదిలీని రద్దు చేయించుకొనవచ్చును. ఆ చట్టమున బిడ్డలనగా కుమారులే కాదు, కుమార్తెలును. పోషణకై రెవెన్యూ డివిజనల్ అధికారి అధ్యక్షతన గల ట్రిబ్యునలునకు అర్జీ పెట్టవచ్చును. 90 దినములలో తీర్పు చెప్పవలెనని చట్టము నిర్దేశించుచున్నది. అయినను ఇంటిమాట కోర్టుకెక్కుటకు ముందే కుదురుట మేలు.

సహాయములు: ఆంధ్రప్రదేశమున అర్హులైన వృద్ధులకు 2024 జులై నుండి నెలకు 4,000 రూపాయల పింఛను లభించుచున్నది. 70 ఏండ్లు నిండినవారికి ఆదాయ భేదము లేక కుటుంబమునకు ఏటా 5 లక్షల రూపాయల వఱకు వైద్య బీమాను కేంద్ర ప్రభుత్వము 2024 అక్టోబరున ప్రారంభించెను. కష్టకాలమున వృద్ధులకై 14567 అను ఉచిత ఫోను నెంబరు కలదు. ఆధారు, పాసుపుస్తకము, బ్యాంకు పుస్తకము, మందుల చీటీలు ఒకే పెట్టెలో నుంచి, ఆ చోటు ఇద్దరికైనను తెలిపియుంచవలెను.

వృద్ధుని కాయకము: పెద్దలను సేవపేర మూల గూర్చుండబెట్టుట తగదు. విత్తనములు ఏరుట, మనుమలకు కథలు చెప్పుట, గ్రామమున తగవు తీర్చుట యన్నియు కాయకములే. పని యున్నంతవఱకు మనిషికి గౌరవముండును.

అభ్యాసము:
1. దానపత్రమునకు, వీలునామాకు గల భేదమేమి?
2. మీ యింటి పెద్దలు ఎచ్చట, ఎవరితో నుండగోరుదురో మీరెప్పుడైన నడిగితిరా?
3. నడుగకున్నచో, రాబోవు పండుగనాడు ఎవరు మొదలు పెట్టుదురు?